వానకు దాచిన మేత

గొర్రె దేన్ని కొరుకుతోందో చూసి మా అత్త ఏ నెల నడుస్తోందో చెప్పేది. గోడకు క్యాలెండరు ఉండేది కానీ దాని మీది దేవుడి బొమ్మకు దండం పెట్టుకోవడానికి తప్ప ఆమె అటు తిరిగేది కాదు. "రేగాకుకు దిగినాయి, ఇంక చలి పోయినట్లే," అనేది. "తుమ్మకాయలు ఏరుకుంటాండాయి, ఎండ ముదిరె," అనేది. నేను మైదుకూరు వైపు నుంచి వచ్చిన కోడలిని. మా పుట్టింట్లో కాలువ కింద వరిమడి, నాలుగు ఎనుములు, అంటే బర్రెలు, వాటి ముందు ఎప్పుడూ ఇంత గడ్డి. ఎనుము ఏం తింటుందని ఎవరైనా అడిగితే మేం వేసింది తింటుందని చెప్పేవాళ్లం. నోరులేని జీవానికి కూడా ఇది కావాలి, ఇది వద్దు అనేది ఉంటుందని పెళ్లయ్యేదాకా నాకు తెలియదు.

మా అత్తగారి ఊరు డోన్‌కు బస్సులో గంట దూరం. ఎర్రమట్టి, నాపరాళ్లు, ఊరి వెనక గట్టు అని పిలిచే చిన్న కొండ. బోరు వేస్తే దుమ్ము వచ్చే నేల. ఆ గట్టు మీద మొలిచేదే మా గొర్రెలకు తిండి. మేం కొనిపెట్టేది ఏమీ లేదు.

కాపురానికి వచ్చిన నెల్లోనే మా అత్త నన్ను ఒక ముసలి గొర్రె వెనక నడిపించింది. రోజంతా దాని వెనకే నడవాలి, అది ఏం తింటే అది చూడాలి, ఏం వదిలితే అది కూడా చూడాలి. నాకు తిక్క పుట్టింది. ఇంటర్ చదివిన పిల్లను, గొర్రె వెనక తల వంచుకుని తిరుగుతున్నాను. అది పచ్చగా నిగనిగలాడే తంగేడు పక్క నుంచి పోయింది, కన్నెత్తి చూడలేదు. ఆ తంగేడు మొదట్లో ఎండిపోయిన గడ్డి నాలుగు పోచలుంటే ఆగి, కాడ వదిలి ఆకు మాత్రమే కొరికింది. వయ్యారిభామ దగ్గర ముక్కు పెట్టి వెనక్కి లాగేసుకుంది. ఒక బండ కింద వేలెడు గరిక ఉంటే దాని కోసం మోకాళ్ల మీద వంగింది.

"పచ్చంగా ఉండేది వదిలి ఎండిపోయింది తింటాదేంది అత్తా?" అన్నాను.

"పచ్చంగా ఉండేదంతా మేతనా? నువ్వు పచ్చంగా ఉండేదంతా తెచ్చి కూర చేస్తాండావా?" అంది ఆమె. తర్వాత చాలా రోజులు నన్ను ఎనుముల పిల్లా అని పిలిచింది. "గొర్రె నోరు తప్పు పోదుమే. దానెనక పో, అంతే."

మూడేళ్లలో నేను కూడా నేర్చుకున్నాను. ఏ మూల ఎప్పుడు ఏముంటుందో, పొద్దున ఏ వైపు తోలాలో, ఎండ ఎక్కాక ఏ నీడకు మలపాలో తెలిసింది. తెలిసింది అనుకోవడమే నా కొంప ముంచింది. సగం నేర్చుకున్న మనిషికి ఉండే పొగరు మొత్తం రానివాడికి గానీ మొత్తం వచ్చినవాడికి గానీ ఉండదు.

ఇక మా ఆయన సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇదంతా ఆయన కోసమే. డోన్ దగ్గర బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో ఆయనకు పని. వారమంతా అక్కడే ఉండి శనివారం సాయంత్రం వచ్చేవాడు, సోమవారం పొద్దున్నే పోయేవాడు. వచ్చినప్పుడు కనుబొమల్లో కూడా బూడిద రంగు పొడి ఉండేది. తల మీద నీళ్లు పోస్తే కిందికి తెల్లగా కారేవి. మొదట్లో పొడిదగ్గు. తర్వాత మెట్లెక్కితే దగ్గు. తర్వాత నవ్వితే దగ్గు, అందుకని నవ్వడం తగ్గించేశాడు. పని మానమని నేను ఏడ్చిన ప్రతిసారీ ఒకటే చెప్పేవాడు. "మందలో యాభై తలకాయలు కానీ. ఆ బండలకు ఒక దండం పెట్టి వచ్చేస్తా. నువ్వు ఇంట్లో ఉండు, నేను గట్టెక్కుతా."

ఆ ఏడు మా మందలో ముప్పై ఎనిమిది ఉన్నాయి. అందులో పద్నాలుగు చూడివి. ఈతలు నిలబడితే యాభై దాటుతుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టని పిల్లలను కూడా నేను లెక్కలో వేసుకుని బతికాను.

అదే ఏడు వాన మోసం చేసింది. ముంగారులో, అంటే తొలకరిలో, రెండు జల్లులు పడి ఆగిపోయాయి. ఆ వెనక రావాల్సిన వాన ముఖమే చూపలేదు. వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. ఆ ఏడు బుడ్డల చెట్లు పీకితే కాయలు లేవు, కట్టె మాత్రం చేతికొచ్చింది. ఎండిన ఆకుతో, కాడతో ఉండే ఆ కట్టెకు మించిన ఎండుమేత గొర్రెకు లేదు. మా అత్త ఆ కట్టెను ఇంటి వెనక వామి వేసింది. చుట్టూ ముళ్లకంప నాటింది. పైన పట్ట కప్పి రాళ్లు పెట్టింది.

"దీన్ని వాన పడినాకనే ముట్టుకునేది," అంది.

ప్రతి ఏడూ చేసేదే. తొలివాన పడి పచ్చిక లేచాక, పదిహేను రోజుల పాటు రోజూ పొద్దున గొర్రెల ముందు ఎండుకట్టె వేసి, అవి సగం కడుపు నింపుకున్నాకే బయటికి వదిలేది. అప్పుడు కూడా ఎండ ఎక్కాక, అది కూడా కొంచెం సేపు. ఎందుకని అడిగితే, "పచ్చ చూస్తే గొర్రెకు మతి పోతాది. ఖాళీ కడుపుతో లేతగడ్డి మీద పడితే చిటుకు వస్తాది. మా అమ్మ ఇట్లే చేస్తాండె," అని చెప్పేది. చిటుకు అంటే గొర్రెల రోగం. చిటికె వేసినంతలో ప్రాణం పోతుందని ఆ పేరు. నేను ఆ ఇంటికి వచ్చాక మా మందలో చిటుకుతో ఒక్కటి కూడా పోలేదు. ఎప్పుడూ పోలేదు కాబట్టి ఆ జాగ్రత్త అంతా దండగ అనుకున్నాను. జాగ్రత్త పడినందుకే పోలేదన్న ఆలోచన నాకు రాలేదు.

ఎండాకాలం వచ్చేసరికి గట్టు బోడిగా అయిపోయింది. గొర్రెల వెనక నడిచి నేను నేర్చుకున్న చదువంతా తలకిందులైంది. అవి వదిలేవాటిని తినడం మొదలుపెట్టాయి. రాలిన జిల్లేడాకు నమిలాయి. తంగేడు ఎండుకాయలు కొరికాయి. ఒకదాని వీపు మీది బొచ్చు ఇంకొకటి పీకింది. పాలిథీన్ కవరు కోసం రెండు కొట్లాడుకుంటే నేను నోట్లో వేలు పెట్టి లాగాను. ఆకలి రుచి ఎరుగదంటారు గానీ, ఆ మాట అనేవాళ్లు ఆకలిని దగ్గర నుంచి చూసి ఉండరు. వేపమండలు కొట్టి వేశాం. కంపచెట్ల కాయలు గంపలతో ఏరుకొచ్చాం. ఊళ్లో అందరూ అవే చెట్ల మీద పడితే చెట్టు మాత్రం ఎన్ని కాస్తుంది?

రెండు చూడిగొర్రెలు ఈసుకుపోయాయి, నెలలు నిండకుండానే పిల్లలను జార్చుకున్నాయి. ఒకటి లేవలేకపోతే గోనెపట్ట పొట్ట కింద వేసి ఇద్దరం చెరో వైపు పట్టి నిలబెట్టాం. నిలబెట్టి వదిలితే మళ్లీ కూలబడింది. మా ఆయన శనివారం వచ్చి మందను చూసేవాడు. లెక్కపెట్టేవాడు, అంతే. ఆ లెక్క వినలేక నేను ఇంట్లోకి పోయేదాన్ని.

ఒకరోజు పొద్దున వెనక్కి పోయి చూస్తే ఒక గొర్రె వామి చుట్టూ ఉన్న కంపలో మూతి దూర్చి ఉంది. ముళ్లు గీరి మూతంతా నెత్తురు. నాలుక చాపి ఒక్కొక్క ఆకే లాక్కుంటోంది. కడుపులో పిల్ల ఉన్న గొర్రె. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంత మేత కళ్లెదురుగా పెట్టుకుని ఆకలితో చంపుతామా అత్తా? చచ్చినాక ఎవరికి పెడతావు?" అని అరిచాను.

"ఇప్పుడు చస్తే ఒకటో రెండో చస్తాయి. వానకు చస్తే మంద చస్తాది," అంది.

"నీకు మంద మీదే ప్రేమ. గొర్రె మీద లేదు," అన్నాను.

ఆమె ఆ గొర్రె మూతికి పసుపు పూసి, దాన్ని పట్టుకుని అవతలికి తీసుకుపోయింది. ఆ మాట అన్నందుకు నేను ఇప్పటికీ సిగ్గుపడతాను. పుట్టింటి నుంచి తెచ్చుకున్న రెండు గొర్రెపిల్లలతో ఆ మందను నిలబెట్టిన మనిషి ఆమె.

అప్పటికే ఆమెకు కళ్లు మసకగా ఉండేవి. కర్నూలులో ఆపరేషన్‌కు రమ్మని కబురు వచ్చింది. మా ఆయన తీసుకుపోయి చేయించాడు. దుమ్ములోకి పోకూడదని, మళ్లీ మళ్లీ చూపించుకోవాలని, అక్కడే ఉన్న ఆమె చెల్లెలి ఇంట్లో ఇరవై రోజులు ఉంచాడు. బస్సు ఎక్కే ముందు ఆమె నాతో చెప్పింది ఒకటే. "వామి జాగ్రత్తమే."

మూడో రోజు నేను కంప తొలగించాను.

ఒక్క మోపు, లేవలేనివాటికి మాత్రమే అనుకున్నాను. వాటి ముందు వేస్తే మిగతావన్నీ రొప్పం కంచెకు ఒరుసుకుని అరిచాయి. రొప్పం అంటే ముళ్లకంపతో కట్టిన గొర్రెల దొడ్డి. ఆ అరుపు వినలేక అందరికీ తలా పిడికెడు వేశాను. ఎండుకట్టె ముప్పై నోళ్లలో ఒకేసారి నలిగే చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు వింటూ రొప్పంలోనే కూర్చుని ఏడ్చాను. ఎన్ని నెలల తర్వాత విన్నానో. ఆ ఏడాదంతటికీ నేను సంతోషంగా ఉన్నది ఆ పది రోజులే, నేను చేసిన పాపం కూడా అదే.

రోజూ రేపటితో ఆపేద్దాం అనుకునేదాన్ని. పదకొండో రోజుకు వామి లేదు. నేల మీద రాలిన ఆకు కూడా ఊడ్చి వేశాను. అయితే గొర్రెలు లేచి నిలబడ్డాయి. వీపులు నిండాయి. రెండు ఈనాయి, పిల్లలు బతికాయి. ఆ శనివారం మా ఆయన లెక్కపెట్టి, చాలా రోజుల తర్వాత నవ్వాడు, నవ్వి దగ్గాడు. వేపమండలు బాగా కొట్టానని చెప్పాను. వామి ఉన్న చోట ఇంటి వెనక పడి ఉన్న, పొయ్యిలోకి తప్ప పనికిరాని కందికట్టె పేర్చి, పైన అదే పట్ట కప్పి, అవే రాళ్లు పెట్టి, కంప మళ్లీ నాటాను. అలా చేయమని నాకెవరూ చెప్పలేదు. అబద్ధాన్ని కప్పే పని ఎవరూ చెప్పనక్కర్లేదు, మనమే చేసుకుంటాం.

ఆ రోజుల్లోనే పశువుల ఆసుపత్రి నుంచి ఒకాయన ఊళ్లోకి చిటుకు సూదులు వేయడానికి వచ్చాడట. నేను మందతో గట్టు అవతల ఉన్నాను. మర్నాడు పక్క ఊరికి తోలుకొస్తే అక్కడ వేస్తానని చెప్పి పోయాడు. అప్పుడే తేరుకున్న గొర్రెలను ఎండలో అంత దూరం నడిపిస్తే పట్టిన కండ కాస్తా కరిగిపోతుందని నేను పోలేదు. ఇది కూడా నా తప్పే.

మా అత్త నల్లద్దాలు పెట్టుకుని దిగింది. ఇంకా రెండు వారాలు దుమ్ములోకి, ఎండలోకి పోకూడదు. వచ్చిన పొద్దు రొప్పం దగ్గర నిలబడి, అందిన గొర్రెల వీపులన్నీ చేత్తో తడిమింది. 

"ఎండాకాలంలో ఈపు ఇట్ల ఉండాదే," అంది. మళ్లీ, "కట్టె మీద చెయ్యి పెట్టలేదు గదా?" అని అడిగింది.

"లేదత్తా. వేపమండలు శానా కొట్టినా," అన్నాను.

వారం తర్వాత తూర్పున మబ్బు పట్టింది. గడపలో కూర్చుని గాలి వాసన చూసి, "వామి తడవకుండా పట్ట సరిగ్గా ఉండాదా? ఎంత ఉండాది?" అంది.

"అట్లే ఉంది అత్తా. నువ్వేం దిగులు పెట్టుకోవద్దు."

ఆ సాయంత్రం వాన కురిసింది. ఊరంతా వాకిళ్లలో తడుస్తూ నిలబడింది. నేను కూడా తడిశాను. ఏడాది పాటు అడుక్కున్న వాన అది. గొర్రెలు రొప్పంలో మూతులు పైకెత్తి నిలబడ్డాయి. ఐదో రోజుకు గట్టు పాదం దగ్గర సన్నగా పచ్చిక లేచింది. కళ్లు ఇలా చికిలిస్తేనే కనిపించేంత సన్నగా.

"పొయ్యి, ఒక మోపు కట్టె ఏసి, అవి తిన్నాక తోలుకపో," అంది మా అత్త. నల్లద్దాల వెనక ఆమె కళ్లు నాకు కనపడలేదు. "ఉండాది గదా?"

నేను నోరు తెరవాల్సింది అప్పుడు. ఎందుకు తెరవలేదని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. భయమని చెప్తే బాగుంటుంది, అత్తలంటే కోడళ్లకు భయం కాబట్టి వినేవాళ్లు నమ్ముతారు. కానీ ఆమె నన్ను ఏనాడూ ఒక దెబ్బ వేయలేదు, ఒక బూతు తిట్టలేదు. నాది భయం కాదు, పొగరు. ఎనుముల పిల్ల గొర్రెలను బతికించింది, ఎండాకాలం దాటించింది. ఇప్పుడు తప్పు ఒప్పుకుంటే ఆ బతికించిన గొప్ప కూడా పోతుంది. పైగా పచ్చిక వచ్చేసింది, ఇంక ఎండుకట్టె ఎవరికి కావాలి? గొర్రె నోరు తప్పు పోదని ఆమే కదా చెప్పింది.

"ఉందత్తా," అన్నాను. ఖాళీ కడుపులతోనే వదిలాను.

ఆ రోజు గొర్రెలు నడవలేదు, పరిగెత్తాయి. ఒక పోచ కొరకడం, ఇంకో పోచ కనిపిస్తే అటు ఉరకడం. నేను వెనక ఉరికి ఉరికి రొప్పాను. మధ్యాహ్నానికి వంక దగ్గరికి, అంటే గట్టు కింది వాగు దగ్గరికి, చేరాయి. అక్కడ తేమ నిలిచి లేతగడ్డి జొంపంగా లేచింది. తల దించినవి మళ్లీ ఎత్తలేదు. ఏది తినాలి, ఏది వదలాలి అన్న ఎంపిక లేదు. తంగేడు మొలకను కూడా గడ్డితో కలిపి లాగేశాయి. ఇన్నేళ్లలో నేను చూసిన గొర్రెలు కావవి. నాకు భయం వేయాలి. కానీ నేను ఒక రాయి మీద కూర్చుని, "తినండి తల్లీ, కడుపునిండా తినండి," అన్నాను.

మూడు రోజులు అదే పని. మూడు పొద్దులూ కట్టె వేసినావా అని ఆమె అడగడం, వేసినా అని నేను చెప్పడం.

నాలుగో రోజు పొద్దున రొప్పంలో రెండు చచ్చి పడి ఉన్నాయి. మందలో అన్నిటికంటే బలమైనవి. నేను కట్టె ఎక్కువ పెట్టినవి. మెడలు వెనక్కి విరుచుకుని, పొట్టలు బిగిసి ఉన్నాయి. నేను చూస్తుండగానే ఇంకొకటి ఎవరో పొడిచినట్టు ఎగిరి పడింది. పళ్లు పటపట కొరికింది. కాళ్లు కొట్టుకుంది. నీళ్లు తెచ్చేలోపల అయిపోయింది. దాని పిల్ల వచ్చి పొదుగు దగ్గర మూతి పెట్టింది.

నా అరుపు విని మా అత్త బయటికి వచ్చింది. పడిపోయిన గొర్రె పొట్ట మీద చెయ్యి పెట్టింది.

"చిటుకు," అంది. "కట్టె ఏస్తాంటివి గదా?"

ఆమె లేచి ఇంటి వెనక్కి పోయింది. కంప పక్కకు లాగి, పట్ట ఎత్తి, లోపల చేయి పెట్టింది. కందికట్టె ఒకటి చేతికొచ్చింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత దాన్ని లోపల పెట్టి, పట్ట కప్పి, రాయి మళ్లీ పైన పెట్టింది. తిరిగి వచ్చి, "ఒక్కటి గూడా బయటికి పోకూడదు. నీళ్లు పెట్టు, ఇంకేమీ పెట్టొద్దు," అంది. అంతే. 

మధ్యాహ్నానికి ఐదు పోయాయి. మా వీధి చివర ఇంట్లో పొట్టేళ్ల వ్యాపారం చేసే సాయిబు ఉంటాడు. ఆయనే బైకు వేసుకుపోయి ఆసుపత్రి నుంచి మనిషిని తెచ్చాడు. మిగిలినవాటికి సూదులు వేశారు. "ఇది ముందు వేయాల్సిన సూదమ్మా. ఇప్పటికే పట్టినవాటికి ఇది పని చేయదు," అన్నాడు వచ్చినాయన. ఒకదాన్ని కోసి చూపించాడు. లోపలంతా లేత పచ్చగడ్డి, పేగుల నిండా, ఇంకా వాసన వస్తోంది. ఏడాదంతా ఆకలిని తట్టుకున్న గొర్రె కడుపు నిండి చచ్చింది.

నాలుగు రోజుల్లో ఇరవై ఆరు పోయాయి. చూడివి ఒక్కటి మిగల్లేదు. వంక ఒడ్డున గుంత తీశాం. మెత్తటి నేల, వాన పడింది కదా, తవ్వడం తేలికైంది. ఒక్కొక్కదాన్ని కాళ్లు పట్టి ఈడ్చుకుపోయి అందులో వేశాను. ఆ పని వేరెవరినీ చేయనివ్వలేదు. సున్నం చల్లుతుంటే ఒక గొర్రె మూతి మీద ముళ్ల గీతలు కనిపించాయి. నేను ఆ గుంతలో దిగి పడుకుంటే బాగుండు అనిపించింది. నిజంగానే అనిపించింది.

పాలు తాగే పిల్లలు కాక మిగిలిన పన్నెండింటికి రొప్పంలోనే మేత కావాలి. మా అత్త కబురు పెడితే ఐదో రోజు సాయిబు చిన్న ఆటోలో బుడ్డల కట్టె వేసుకొచ్చాడు. దింపుతూ మా అత్తతో, "ఏమక్కా, పొట్టేళ్ల కోసమని నా ఇంటి మీద రెండు బండ్ల కట్టె పెట్టినాను. మీ వామి అయిపోయిందని ఒక్క మాట చెప్పింటే నేనే తెచ్చి ఏస్తాంటి గదా. ఇరుగుపొరుగు ఉండేది ఎందుకు?" అన్నాడు. మా అత్త తల ఊపింది. నేను గడప దగ్గర నిలబడి విన్నాను. నాలుగు ఇళ్ల అవతల, ఇన్ని రోజులూ కట్టె అక్కడే ఉంది. నేను ఆ దారినే రోజూ గొర్రెలను తోలుకుపోయాను.

ఆటో పోయాక ఆమె నా పక్కన కూర్చుంది.

"వచ్చిన పొద్దే తెలిసె, నువ్వు వామి ముట్టుకున్యావని. ఎండాకాలం ఈపు నాకు తెలీదా? కొంచెం తీసింటావు, పోనీలే అనుకొంటి. అంతా అయిపోయిందని అనుకోల్యా," అంది. "వామి సంగతి మూడుసార్లు అడిగితి నిన్ను. నువ్వే చెప్తావని చూస్తి. నేను పోయి పట్ట ఎత్తి చూసింటే నిన్ను దొంగను చేసినట్లయితాదని ఊరకుంటి."

"నన్ను కొట్టత్తా," అన్నాను.

"కొడితే లేస్తాయా?" అంది. "చెప్పింటే ఇద్దరం పొయ్యి అడుక్కుంటాంటిమి గదమ్మే."

శనివారం సాయంత్రం మా ఆయన వచ్చాడు. ఎవరూ కబురు చేయలేదు. దిగగానే ఎప్పటిలాగే రొప్పం దగ్గరికి పోయాడు. లెక్కపెట్టడానికి వేలు ఎత్తి, దించేశాడు. పన్నెండుకు లెక్క అక్కర్లేదు. దగ్గు వచ్చింది. కంచె పట్టుకుని దగ్గాడు. నేను చెప్పేద్దామని చేతులు తుడుచుకుని ఆయన ఎదురుగా పోయి నిలబడ్డాను. ఈసారి చెప్పకుండా ఉండకూడదని ఆ నాలుగు రోజులూ అనుకుంటూనే ఉన్నాను.

"ఎట్ల పోయినాయి?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపలే వెనక నుంచి మా అత్త చెప్పింది. "వానకొచ్చిన రోగం నాయనా. మన చేతిలో ఏముండాది?"

ఆయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఆమె నన్ను కాపాడిందని నాకు తెలుసు. ఆ కాపాడడంలోకి నేను దూరిపోయాను.

"సరేలే. బండలు యాడికీ పోవు గదా," అన్నాడు ఆయన. సోమవారం పొద్దున క్యారియర్ కట్టిస్తే తీసుకుని డోన్ బస్సు ఎక్కాడు.

మా అత్త పోయి రెండేళ్లయింది. ఆయన ఇంకా ఆ ఫ్యాక్టరీకే పోతున్నాడు. ఇప్పుడు బస్సు స్టాపు దాకా నడవడానికి మధ్యలో రెండుసార్లు కూర్చుంటాడు. తొలివాన పడిన ప్రతి ఏడూ వాకిట్లో నిలబడి, దగ్గు మధ్యలో, ఆ వానను తిడతాడు. తన మందను మింగిందని, తనను ఆ బండలకు కట్టేసిందని తిడతాడు. నేను పక్కనే నిలబడి వింటాను.